మూడో మగ్గు ఉప్పునీళ్ళు

ఆ షెడ్డులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పిన్నే. చాటున మాత్రం "ఏమౌతుందో పిన్ని" అంటారు. సీసా జారినా, కరెంటు పోయినా, బయట కాస్త మబ్బు పట్టినా ఆవిడ నోట ముందుగా వచ్చే మాట "ఏమౌతుందో ఏమో!" మరి. ఏమీ కాలేదని తేలాక కూడా ఊరుకోదు. "ఇప్పటికి కాలేదు, సరే" అంటుంది.

పిన్ని పని సీసాలు నింపడం. గిన్నెలు తోముకునే లిక్విడ్, నేల తుడుచుకునేది, చేతులు కడుక్కునేది, మూడూ అక్కడే తయారవుతాయి. గోడకు అవతల మిక్సింగ్ గది. అందులో పెద్ద స్టీలు ట్యాంకు, దాంట్లో మోటారుతో తిరిగే తెడ్డు, గోడవారన డ్రమ్ములు. గోడలో ఒక కంత. ఆ కంతలోంచి ఒక గొట్టం ఇవతలి బల్ల మీదికి వస్తుంది. గొట్టానికి కుళాయి, కుళాయి ముందు పిన్ని. సీసా పెట్టడం, నింపడం, మూత బిగించడం, అనుమానం తీరక విప్పి చూడడం, మళ్ళీ బిగించడం. పక్కన లేబుళ్ళు అంటించే వదినకు అది చూస్తే ఒళ్ళు మండేది.

"పిన్నీ, బిగించిన మూత బిగించినట్టే ఉంటుంది. లేచి పారిపోతుందా?"

"పారిపోదులే. కారిపోతే?"

"కారితే తుడుస్తాం. మనం చేసేదే తుడుచుకునే సరుకు కదా!"

అందరూ నవ్వేవారు. పిన్ని కూడా నవ్వేది. నవ్వుతూనే ఇంకోసారి మూత తిప్పి చూసుకునేది.

మొన్నమొన్నటిదాకా ఆ బల్ల దగ్గర పిన్నికి కుడిపక్కన ఆవిడ కూతురు నిలబడేది. ఒక్కగానొక్క కూతురు, అందరూ అమ్మలు అని పిలుస్తారు. మోచెయ్యి చాపితే తగిలేంత దూరం. పిల్ల దగ్గినా తెలుస్తుంది, నీరసపడినా తెలుస్తుంది. లోకంలో ఎన్ని ఘోరాలు జరిగినా ఆ మోచేతి దూరంలో జరగవన్న నమ్మకం పిన్నిది. ఆవిడకు ఉన్న నమ్మకాలు తక్కువ, ఉన్న ఆ ఒక్కటీ గట్టిది.

ఆ నమ్మకానికి గండి పడింది నురగ తాత నడుము నొప్పితో. తాత ఆ షెడ్డు పుట్టినప్పటినుంచీ మిక్సింగ్ చేసిన మనిషి. కొలతలు, కాగితాలు ఆయనకు గిట్టవు. గరిటెతో తీసి ఎత్తునుంచి ధార పోసి చూసేవాడు, "పల్చగా ఉందా? ఉప్పు కొట్టు" అనేవాడు. అంతే విద్య. నడుము పట్టేశాక డ్రమ్ములు దొర్లించడం ఆయన వల్ల కాలేదు. ఓనరమ్మ ఆయన్ని స్టోరు గది ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ పని ఎవరికివ్వాలా అని ఆలోచిస్తుంటే, సీసాల బల్ల దగ్గర్నుంచి అమ్మలు చెయ్యెత్తింది.

"నేను నేర్చుకుంటాను మేడం."

పిన్ని చేతిలో సీసా అంచులు దాటి పొంగింది.

ఆవిడకు అంత భయం ఊరికే పట్టుకోలేదు. తాత ఎడమచేతి మీద మణికట్టు దగ్గర్నుంచి మోచేతిదాకా మైనం కరిగి గడ్డకట్టినట్టు ఒక మచ్చ ఉంది. ఎప్పుడో ఒళ్ళు కాల్చేసే కాస్టిక్ సోడా చింది పడిందట. నేల తుడిచే లిక్విడ్‌లోకి యాసిడ్ స్లర్రీ అనే నల్లటి జిగురును కాస్టిక్ నీళ్ళతో కలపాలి, అప్పుడే అది సబ్బులా మారుతుంది. కలిపేటప్పుడు ట్యాంకు పొయ్యి మీద పెట్టినట్టు వేడెక్కుతుంది. తాత ఆ మచ్చ చూపించి హాస్యమాడేవాడు: "ఇది నా సర్టిఫికెట్టు." ఆ సర్టిఫికెట్టును పిన్ని రోజూ చూసేది. చూసినప్పుడల్లా ఆ చెయ్యి కాస్తా సన్నబడి, తెల్లబడి, గాజులు వేసుకుని కూతురి చెయ్యి అయిపోయేది.

ఓనరమ్మ అమ్మలును ఒక శిక్షణ తరగతికి పంపింది. తిరిగొచ్చిన పిల్ల వంటింట్లో పళ్ళెం నిండా నీళ్ళు పోసి, పైన నూనె చుక్కలు వేసి, మధ్యలో ఒక్క బొట్టు లిక్విడ్ వదిలింది. నూనె చుక్కలు బెదిరి అంచులకు పరుగెత్తాయి.

"చూశావా? ఈ సబ్బు సరుకుకి తలా తోకా ఉంటాయమ్మా."

"పాములకున్నట్టా?" అని పిన్ని అరచెయ్యి వెనక్కి లాక్కుంది.

"అబ్బ! కంటికి కనపడనంత చిన్నవి. తలకి నీళ్ళంటే ఇష్టం. తోకకి నీళ్ళంటే పడదు, జిడ్డు కనపడితే దాన్ని పట్టుకుంటుంది. తోక జిడ్డుని పట్టుకుంటే, తలని పట్టుకుని నీళ్ళు లాక్కుపోతాయి. గిన్నె శుభ్రం."

"అంటే పడని వాళ్ళిద్దర్నీ కలిపేది. పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట."

"అదే అనుకో. ఇప్పుడు చిక్కదనం సంగతి విను. నీళ్ళలో ఇవి తోకలు దాచుకోవడానికి గుండ్రంగా చేరి ఉండలు కడతాయి. తలలు బయటికి, తోకలు లోపలికి. ఉండలు దొర్లుతుంటాయి కాబట్టి పల్చగా ఉంటుంది. ఉప్పు పడితే ఆ ఉండలు సాగి పోగులవుతాయి. పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడితే..."

"దువ్వని జడలా."

"అదీ! అప్పుడు లిక్విడ్ చిక్కబడుతుంది. కానీ ఒక గీత ఉంటుందమ్మా. ఆ గీత దాటి ఉప్పు పడిందా..."

"అవునే, ఆ క్లాసులో గ్లౌజులు ఇచ్చారా? మోచేతిదాకా వస్తాయా, మణికట్టు దగ్గరే ఆగిపోతాయా?"

అమ్మలు తల పట్టుకుంది. గీత మాట అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రంతా పిన్ని గ్లౌజుల పొడవు గురించే ఆలోచించింది.

అలా అమ్మలు మిక్సింగ్ గదిలోకి వెళ్ళి కొన్ని వారాలయింది. చిన్న చిన్న బ్యాచ్‌లు బాగానే వచ్చాయి. అప్పుడు పిల్లల ఆసుపత్రి ఒకటి చేతులు కడుక్కునే లిక్విడ్ కావాలని కబురు పెట్టింది. వార్డుల్లో గోడకు బిగించిన పంపుల్లో పోస్తారట. పల్చనైతే చుక్కలు కారుతుంది, మరీ చిక్కనైతే పంపు పూడుకుపోతుంది. మధ్యలో ఉండాలి. వాళ్ళ స్టోరు మేడం సాయంత్రం వచ్చి చూస్తుందని ఓనరమ్మ పొద్దున్నే అందరికీ వినపడేలా చెప్పింది.

"అమ్మలూ, ఇది బాగా వస్తే మిక్సింగ్ గది నీదే. చెడితే మాత్రం నేను బయటి మనిషిని పెట్టుకోక తప్పదు. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"తిట్టుకోను మేడం. బాగా వస్తుంది."

ఆ ధీమా పిన్నికి నచ్చలేదు. పెద్ద మాటలు మాట్లాడినప్పుడే పెద్ద దెబ్బలు తగులుతాయని ఆవిడ లెక్క.

చలికాలం. డ్రమ్ములో నురగనిచ్చే సబ్బు పేస్టు గడ్డకట్టిన తేనెలా బిగుసుకుని ఉంది. అది కరగాలని అమ్మలు ట్యాంకులో గోరువెచ్చనికన్నా కాస్త వేడి నీళ్ళే పట్టింది. పేస్టు వేసి, నురగ లేవకుండా తెడ్డును నెమ్మదిగా తిప్పింది. చర్మం మండకుండా కొబ్బరినూనె నుంచి తీసిన రెండో సరుకు కలిపింది. ఆమ్ల, క్షారాలు తెలిపే కాగితపు ముక్క ముంచి రంగు చూసింది. ఉప్పునీళ్ళు తూచి పోసింది. ఇక చల్లారడమే తరువాయి. వేడి మీద ఏదైనా పల్చగానే ఉంటుంది, చల్లారితే దానంతటదే చిక్కబడుతుంది. ఈ మాట ఎవరితోనైనా అని ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఎవరూ అడగలేదు, పిల్ల చెప్పలేదు. సువాసన నూనె డబ్బా గేటు దగ్గరికి వచ్చిందంటే సంతకం పెట్టి తీసుకోవడానికి వెళ్ళింది.

పిన్ని కంతలోంచి తొంగి చూసింది. గదిలో ఎవరూ లేరు. తెడ్డు దానిపాటికది తిరుగుతోంది. కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి. గరిటె ముంచి ఎత్తునుంచి ధార పోసింది, తాత పోసినట్టే.

నీళ్ళు. ఉత్త నీళ్ళలా జారిపోయింది.

పిన్ని గరిటె పట్టుకునే సాయంత్రాన్ని ఊహించుకుంది. సాయంత్రం ఆ స్టోరు మేడం వస్తుంది. పంపు నొక్కుతుంది. చుక్కలు కారతాయి. అందరి ముందూ పిల్లను నిలబెట్టి అడుగుతారు. పిల్ల తల దించుకుంటుంది. ఆ తలదించుకున్న పిల్ల ఇంటికొచ్చి అన్నం మానేస్తుంది, మంచం పడుతుంది... పిన్ని ఆలోచన ఎప్పుడూ మంచం దాకా వెళ్ళనిదే ఆగదు. పక్కనే నీలం బక్కెట్టులో ఉప్పునీళ్ళు, దాంట్లో మగ్గు. ఇన్నేళ్ళు చెవిలో మోగిన మాట మళ్ళీ మోగింది: పల్చగా ఉందా? ఉప్పు కొట్టు.

ఒక మగ్గు పోసింది. తెడ్డు తిరుగుతున్న చోట సుడి బరువెక్కింది. గరిటెతో తీస్తే ధార తీగలా సాగింది. పిన్ని ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ భయం ఉన్న మనిషికి చాలు అన్న మాట ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రానికి మళ్ళీ పల్చబడితే? ఇంకో మగ్గు పోసింది. ఆసుపత్రి వాళ్ళు మరీ పట్టిపట్టి చూస్తే? ముందుజాగ్రత్తకని మూడో మగ్గు ఎత్తి పోసేసింది. వరండాలో చెప్పుల చప్పుడయింది. ధార చూసుకునే వ్యవధి లేదు. కొంగలా మెడ సాచి ఒకసారి ట్యాంకులోకి చూసి, గబగబా వచ్చి తన బల్ల దగ్గర నిలబడింది. మనసు తేలికగా ఉంది. పిల్లకు చెప్పకుండా పిల్లను కాపాడానన్న తృప్తి. తల్లులకు అంతకన్నా పెద్ద తృప్తి ఉండదు, అంతకన్నా ప్రమాదమైనదీ ఉండదు.

భోజనాలయ్యాక అమ్మలు ట్యాంకు మీద మూత తీసింది. గరిటె ముంచింది. మళ్ళీ ముంచింది. కంతలోంచి పిన్నికి పిల్ల వీపు మాత్రమే కనిపించింది. ఆ వీపు కదలడం మానేసింది.

"తాతా!" అని కేక వినిపించింది.

తాత నడుము పట్టుకుంటూ వచ్చాడు. లోపలి మాటలన్నీ కంతలోంచి ఇవతలికి వినపడుతూనే ఉన్నాయి.

"ఏమే మనవరాలా, తెడ్డు పోయిందా?"

"చూడు. చల్లారింది, అయినా నీళ్ళలా ఉంది. పైగా మసకబారింది."

తాత ధార పోసి చూశాడు. "దీనికింత గాభరా ఎందుకు? ఉప్పు తక్కువైంది. కొట్టు."

పిన్ని చేతిలో మూత కింద పడి దొర్లిపోయింది. తక్కువైందా? మూడు మగ్గులు పోస్తేనా?

అమ్మలు బక్కెట్టు అందుకోలేదు. ఒక కప్పులో కొంచెం లిక్విడ్ తీసుకుని, దాంట్లో రెండు చుక్కలు ఉప్పునీళ్ళు వేసి పుల్లతో తిప్పింది. ఇంకా పల్చబడింది. కప్పు పక్కన పెట్టేసింది.

"గీత దాటిపోయింది తాతా. ఉప్పు తక్కువ కాదు, ఎక్కువైంది. ఉప్పు మరీ ఎక్కువైతే పోగులు చిక్కుపడటం మానేసి ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. మళ్ళీ నీళ్ళే."

"ఎంత పోశావేంటి?"

"చెప్పినంతే పోశాననుకున్నాను. రెండుసార్లు తూచాను కూడా. కాటా సున్నా దగ్గర ఉందో లేదో సరిగ్గా చూడలేదో, ఒకసారి పోసింది మర్చిపోయి మళ్ళీ పోశానో. నాకే తెలియట్లేదు."

పిన్నికి దొంగకు తేలు కుట్టినట్టయింది. నోరు తెరిస్తే దొంగ, మూస్తే తేలు. ఇంతలో ఓనరమ్మ ఆ గదిలోకి అడుగుపెట్టడం కూడా వినపడింది.

"ఏమైంది?"

"నేనే తప్పు చేశాను మేడం. ఉప్పు ఎక్కువ పోశాను."

"తూచలేదా?"

"తూచాను. కానీ..." స్విచ్ టక్కుమంది. తెడ్డు చప్పుడు ఆగిపోయింది. "ఇది నా వల్ల అయ్యే పని కాదేమో మేడం. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. రేపు కాస్టిక్ దగ్గర ఇలా మర్చిపోతే? మీరు వేరేవాళ్ళను పెట్టుకోండి. నేను బల్ల దగ్గరికి వెళ్ళిపోతాను."

ఓనరమ్మ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ. "ఆసుపత్రి వాళ్ళకు ఫోన్ చేసి రావద్దని చెప్తాను" అని వెళ్ళిపోబోయింది. "ఒక్క గంట ఆగమ్మా, నేనొకసారి చూస్తాను" అని తాత అడ్డుపడ్డాడు. ఆయన చూడగలిగేది ఏమీ లేదని ఆయనకూ తెలుసు.

అమ్మలు ఏప్రన్ విప్పి, చింది పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు మేకుకు తగిలించి, ఇవతలికి వచ్చింది. పిన్నికి కుడిపక్కన, తన పాత చోట్లో నిలబడింది. కుళాయి గొట్టం ఇవాళ నిన్నటి గిన్నెల లిక్విడ్ డ్రమ్ముకు తగిలించి ఉంది. కుళాయి కింద సీసా పెట్టింది.

మోచెయ్యి చాపితే తగిలేంత దూరం. ఇన్ని వారాలుగా పిన్ని కోరుకున్నది ఇదే. పొద్దున కళ్ళు తెరిచినప్పుడూ, రాత్రి దీపం ఆర్పినప్పుడూ దేవుణ్ణి ఇదే అడిగింది. పిల్ల ఆ గదిలోంచి బయటికి రావాలి, చేతుల మీద మచ్చ పడకుండా రావాలి. వచ్చేసింది. ఇక కాస్టిక్ లేదు, వేడెక్కే ట్యాంకు లేదు. పిన్ని నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. మగ్గుకు నోరు లేదు.

"మంచిదేలే తల్లీ," అంది లేబుళ్ళ వదిన, ఓదార్పుగా. "మీ అమ్మకి ఈ రాత్రి నిద్ర పడుతుంది."

అమ్మలు సీసా నింపింది. మూత బిగించింది. విప్పి చూసింది. మళ్ళీ బిగించింది. పక్కన పెట్టబోయి ఆగి, ఇంకోసారి తిప్పింది. ఇంకో సీసా. బిగించింది, విప్పింది, బిగించింది.

పిన్ని చూస్తూ నిలబడిపోయింది. ఈ పిల్ల ఇన్నేళ్ళలో ఒక్క మూతనూ రెండోసారి ముట్టుకోలేదు. "నీలాగా నాకు తీరికెక్కడిదమ్మా" అని ఎగతాళి చేసేది. ఇప్పుడు ఆ చేతులు ఎవరివో పిన్నికి తెలుసు. ఆ చూపు ఎవరిదో తెలుసు. అది తన సొంత ఆస్తి. తన తల్లి దగ్గర్నుంచి తనకొచ్చిందేమో, తను మాత్రం దీన్ని కూతురికి ఇవ్వకూడదని ఎన్నిసార్లు అనుకుందో! ఇవాళ మూడు మగ్గులతో ఇచ్చేసింది. ఒంటి మీద పడిన మచ్చ ఎవరికైనా కనపడుతుంది. ఇది కనపడదు. ఇక ఈ పిల్ల జన్మంతా గ్యాసు ఆపానా లేదా అని వెనక్కి తిరిగొస్తుంది, తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వస్తుంది, తన కళ్ళు చూసినదాన్ని తనే నమ్మదు. తనలాగే.

"నువ్వు సరిగ్గానే తూచావే," అంది పిన్ని.

అమ్మలు తల ఎత్తలేదు. "ఊరుకో అమ్మా. ఓదార్చకు."

"ఓదార్పు కాదు. నేను పోశాను."

"ఏం పోశావు?"

"ఉప్పునీళ్ళు. నువ్వు గేటు దగ్గరికి వెళ్ళినప్పుడు. పల్చగా కనపడింది. నీ పరువు పోతుందని భయమేసింది. మూడు మగ్గులు పోశాను."

లేబుళ్ళ వదిన చేతిలో లేబుల్ ఆమె వేళ్ళకే అంటుకుపోయింది. అమ్మలు మొహం ఎర్రబడింది.

"మూడు మగ్గులా! వేడి మీద పల్చగానే ఉంటుందమ్మా! చల్లారాలి కదా! నన్నడగొచ్చు కదా! నోరుంది కదా నీకు, పొద్దున లేచినప్పటినుంచీ ఆగకుండా వాగే నోరు, ఆ ఒక్క ముక్క అడగడానికి రాలేదా?"

"రాలేదు."

"నేను అక్కడ నా బుర్రే చెడిపోయిందనుకున్నాను తెలుసా? నువ్వు వింటూ నిలబడ్డావు!"

"నిలబడ్డాను." పిన్ని ఇంకేమీ దాచలేదు. "నువ్వు ఆ గదిలోంచి బయటికొస్తే బాగుండని కూడా అనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను."

ఈ మాట అనకపోయినా సరిపోయేది. కానీ సగం నిజం చెప్పి మిగతా సగం కడుపులో పెట్టుకుంటే అదెలా పులుస్తుందో ఆవిడకు బాగా తెలుసు. అమ్మలు తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఏడవలేదు. మోచేత్తో మొహం తుడుచుకుని, పూర్తిగా వేరే గొంతుతో అడిగింది.

"మగ్గు నిండా పోశావా, వెలితిగానా?"

"నిండా. మూడోది పొర్లింది కూడా."

"నీలం బక్కెట్టులోంచేనా?"

"నీలం బక్కెట్టే."

అమ్మలు పెదవులు కదిపి లెక్క వేసుకుంది. వేసుకుంటూనే లోపలికి పరుగెత్తింది. మేకుకున్న కళ్ళద్దాలు ఊడిరావడం, డ్రమ్ము మూత తెరుచుకోవడం వినిపించాయి. "తాతా, స్టోరులో పేస్టు ఎంత మిగిలింది? ఉప్పు లేకుండా ఇంకొంచెం కలుపుతాను. అది దీంట్లో పోస్తే ఉప్పు పలచబడుతుంది, మళ్ళీ గీత ఇవతలికి వస్తుంది."

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనా?" అన్నాడు తాత.

"ఈ ఆకులు పనిచేస్తాయి. ముందు కప్పుల్లో చూద్దాం."

పిన్ని ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. ఓనరమ్మ గది తలుపు తట్టి, జరిగిందంతా తనే చెప్పింది. ఓనరమ్మ ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు పిన్నీ. ఆసుపత్రి పసిపిల్లల చేతుల మీద పడే సరుకది. అడగకుండా చెయ్యి పెడతావా? ఇంకోసారి ఇలా జరిగితే కూతురు నిలుస్తుందేమో, నువ్వు నిలవవు." పిన్ని తల ఊపింది. పసిపిల్లలన్న మాట ఆవిడకు అప్పటిదాకా తట్టనేలేదు. తన పిల్ల ఒక్కతే కనిపించింది.

అవతలి గదిలో కిటికీ గట్టు మీద కప్పులు వరసగా నిలిచాయి. చెడిన సరుకు సగం, ఉప్పులేనిది సగం కలిపితే ఉప్పు చాలక పల్చగా ఉంది. చెడినది మూడు వంతులు, ఉప్పులేనిది ఒక వంతు కలిపినప్పుడు అమ్మలు పుల్ల ఎత్తింది. ధార తెగలేదు. తీగలా సాగి, కప్పులో మడతలు పడుతూ దిగింది. మసక కూడా విడిపోయింది. తాత వంగలేక వంగి చూశాడు.

"ఇన్నేళ్ళలో నాకూ ఇలా చాలాసార్లు నీళ్ళయింది మనవరాలా. ఉప్పు కొట్టేకొద్దీ ఇంకా నీళ్ళయ్యేది. పేస్టులో కల్తీ ఉందని తిట్టి, పారబోయించేవాణ్ణి."

"డ్రమ్ములకి డ్రమ్ములా?"

"గట్టిగా అనకు, ఓనరమ్మ వింటుంది."

ట్యాంకులోనూ అదే లెక్కన కలిపారు. సాయంత్రం ఆసుపత్రి స్టోరు మేడం వచ్చింది. గోడ పంపు ఒకటి తనతోనే తెచ్చుకుంది. పోసి, నొక్కి, అరచేతిలో రుద్దుకుని, కుళాయి కింద కడుక్కుంది. పంపును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. చుక్క కారలేదు. "ఎవరు చేశారు?" అని అడిగింది. ఓనరమ్మ అమ్మలును చూపించింది. "పొద్దున ఒకసారి చెడింది మేడం, సరిచేశాం," అంది అమ్మలు, ఎవరూ అడగకుండానే. స్టోరు మేడం పంపు తుడుచుకుంటూ, "సరిచేయడం తెలిసినవాళ్ళ దగ్గరే తీసుకుంటాం" అంది.

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మలు ముందు నడిచింది. పిన్ని నాలుగడుగులు వెనక. వీధిలో దుకాణాల దీపాలు వెలుగుతున్నాయి. బస్సు ఒకటి పక్కనుంచి దూసుకుపోతే పిల్ల చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు.

మలుపు దగ్గర అమ్మలు ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది. "నా మీద ప్రేమతో చేశావని తెలుసు. అయినా ఇంకా కోపంగానే ఉంది."

"ఉండనీ."

"నేను లేనప్పుడు ఆ గదిలోకి రావద్దు."

"రాను."

ఇంకొంత దూరం నడిచారు. ఈసారి పక్కపక్కనే. రేపు నేల లిక్విడ్ బ్యాచ్ ఉందని ఇద్దరికీ తెలుసు. పిన్ని నాలుక చివర పాతమాట అప్పుడే నిలబడింది. జాగ్రత్తే, ఏమౌతుందో ఏమో, వద్దులే, మానెయ్యరాదూ... అమ్మలు పక్కకి చూసి నిట్టూర్చింది.

"అను. కడుపులో పెట్టుకోకు. మళ్ళీ ఏ బక్కెట్టు దగ్గరికి పోతావో."

పిన్ని ఆ మాటలన్నీ మింగి, వాటి అడుగున ఉన్నదాన్ని వెతుక్కుంది. దొరకడానికి కాస్త సమయం పట్టింది.

"కాస్టిక్‌ని నీళ్ళలో పోస్తావా, నీళ్ళని కాస్టిక్‌లో పోస్తావా?"

అమ్మలు నడక ఆపింది. తల్లి ఇంతవరకూ తనను ఇలాంటి ప్రశ్న అడగలేదు.

"కాస్టిక్‌నే నీళ్ళలో. కొంచెం కొంచెంగా."

"ఎందుకట?"

"నిజంగా వింటావా? మధ్యలో గ్లౌజుల పొడవు అడగవు కదా?"

"అడగను. చెప్పు."

అమ్మలు చేతిసంచీ ఇంకో భుజానికి మార్చుకుని, నడక నెమ్మది చేసి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.